తాగిండని అనకుండ్రి, ముందుగాల కండ్లు చూడుండ్రి

మా నల్లగొండ దిక్కు ఎవరికన్న నడక తేడా కొట్టిందంటె చాలు, డాక్టర్ చూడకముందే ఊరు రోగం పేరు పెట్టేస్తది. వయసు మీద పడ్డోళ్లయితె ఫ్లోరైడ్ అంటరు, మూతి వంకర పోకున్నా సరే పక్షవాతం అంటరు, ముప్పై నలభై ఏండ్ల మగమనిషి అయితె ఇంక ఆలోచనే లేదు, తాగిండు. ఆడమనిషి అయితె గాలి సోకిందనో రక్తం లేదనో గ్యాస్ అనో. నేను ఈడ ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్న, మర్రిగూడ, చండూరు, దేవరకొండ, హాలియా దిక్కుల నుంచి వస్తుంటరు, బస్సు దిగి క్లాక్ టవర్ కాడికెల్లి ఆటోల వస్తరు, మోకాళ్లు నడుములే ఎక్కువ. కాని అప్పుడప్పుడు ఒక మనిషి వస్తడు, తలుపు కాడ్నే తెలుస్తది, కాళ్లు ఎడంగ పెట్టి, అడుగు ఒకటి దూరం ఒకటి దగ్గర, గోడ కోసం చెయ్యి చాపుకుంట. అసొంటోళ్ల గురించే ఈ పోస్టు. అంతకన్న ఎక్కువ, ఆ రోగాల ఎంట జీవితాంతం పడ్డ కొంతమంది న్యూరాలజిస్టుల గురించి, ఎందుకంటె వాళ్ల పని గురించి చదువుడు మొదలుపెట్టినంక పేషెంట్లను నేను అడిగే ప్రశ్నలే మారిపోయినయ్.

ఫ్లోరైడ్ సంగతి ముందు చెప్పాలె, లేకపోతె మావోళ్లు కోపం చేస్తరు. అది అబద్ధం కాదు. 1937లనే షార్ట్ అనే డాక్టరు అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీల నెల్లూరు దిక్కు జనాల ఎముకలు ఫ్లోరైడ్ తోని ఎట్ల పాడైతున్నయో రాసిండు. తర్వాత మా జిల్లా పేరే దానికి అతుక్కున్నది, నీళ్లల్ల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పర్యావరణం మీద పరిశోధన చేసే నీరి సంస్థోళ్లు 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టిన్రు, ప్రపంచంల నీళ్ల మీద రాసే పుస్తకాలల్ల మా ఊరు గట్ల ఎక్కింది, సంతోషపడాల్నో ఏడ్వాల్నో తెల్వదు. లీటరు నీళ్లకు 1.5 మిల్లీగ్రాముల హద్దు కంటె మస్తు ఎక్కువ ఫ్లోరైడ్ ఏండ్లకేండ్లు తాగితె ఎముకలు మందమైతయ్, వెన్నుపూసల ఎంబడి ఉండే లిగమెంట్లు గూడ ఎముకైపోతయ్, వెన్నుపాము పోయే దారి ఇరుకైతది, దాంతోని కాళ్లు పడిపోతయ్. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఫ్లోరైడ్ నరాల మీద చేసే పాడు గురించి ఏండ్ల తరబడి పనిచేసిండు, రాసిండు. 2015ల చౌటుప్పల్ కాడ మిషన్ భగీరథ పైలాన్ లేచింది, తర్వాత కృష్ణ నీళ్లు ఊర్లకొచ్చినయ్. అంతా నిజమే. కాని ఫ్లోరైడ్ కాలు బిగుసుకపోతది. కట్టెలెక్క అయితది, నేలను రాసుకుంట నడుస్తరు, మెడ తిరగది, నడుం వంగది. నేను చెప్పే మనిషి కాలు బిగుసుకపోదు, వదులైతది, తూలుతది. ఈ రెండింటికి ఆడికీడికి అంత తేడా ఉన్నా మా దగ్గర రెండూ ఒకే సంచిల పడుతున్నయ్, గదే నా బాధ.

మనిషి ఊకె నిలబడ్డట్టు కనవడ్తడు గని దాని ఎనక మస్తు లెక్క ఉంటది. లోపలి చెవిల మూడు అర్ధచంద్రాకారం గొట్టాలుంటయ్, వాటిల్ల ద్రవం ఉంటది, మేస్త్రి పైపుల నీళ్లు పోసి గోడ లెవెల్ చూస్తడు చూడుండ్రి, గట్ల తల ఎటు తిరిగిందో ఆ ద్రవం కదిలిన తీరుతోని మెదడుకు తెలుస్తది. ఇంకోటి కండ్లు. ఇంకోటి అరికాళ్ల నుంచి, కీళ్ల నుంచి నరాల గుండ పైకి పోయే కబురు, నేల గట్టిగ ఉందా మెత్తగ ఉందా, కాలు ఏ మూల ఉంది అని. ఇవన్ని కలిపి లెక్క కట్టి కండరాలకు ఎప్పటికప్పుడు సవరణ చెప్పేది చిన్న మెదడు. 19వ శతాబ్దంల రాంబర్గ్ అని జర్మనీ డాక్టరు, కండ్లు మూసుకొని నిలబడమంటె ఊగే పేషెంట్ల గురించి రాసిండు, ఈ రోజుకీ మా క్లినిక్ల గదే పరీక్ష, దానికి రూపాయి ఖర్చు లేదు. "పొద్దుగాల సబ్బు పెట్టుకొని ముఖం కడుక్కుంట కండ్లు మూస్తె ముందుకు పడిపోతున్న మేడం" అని ఎవరన్న అన్నరంటె నేను చెవి గురించి కాకుండ కాళ్ల నరాల గురించి, వెన్నుపాము గురించి ఆలోచిస్త, విటమిన్ బీ12 టెస్ట్ చేయించుకొమ్మంట. బీ12 తక్కువైతె అది టైముకు పట్టుకుంటె సూదులతోని బాగైతది, లేటైతె పూర్తిగ రాదు. మాంసం, పాలు రెండూ ముట్టని పెద్దోళ్లల్ల దీన్ని ముందు చూడాలె.

చెవికి, కండ్లకు సంబంధం ఉందని గట్టిగ చూపించిన మనిషి రాబర్ట్ బారనీ, వియన్నాల చెవి డాక్టరు. చెవులు కడిగేటప్పుడు పేషెంట్లు కండ్లు తిరుగుతున్నయ్ అంటుంటె, చల్లటి నీళ్లయితె కంటిగుడ్లు ఒక దిక్కు కొట్టుకుంటున్నయ్, వేడివి అయితె ఇంకో దిక్కు కొట్టుకుంటున్నయ్ అని కనిపెట్టిండు. దానికి 1914 నోబెల్ వచ్చింది, కబురు అందేటప్పటికి ఈయన మొదటి ప్రపంచ యుద్ధంల రష్యావాళ్ల కాడ ఖైదీగ ఉన్నడు, స్వీడన్ యువరాజు మధ్యల వడి 1916ల విడిపించిండు. ఇంటికొచ్చినంక వియన్నా తోటి డాక్టర్లేమో మా పని మీద నువ్వు పేరు తెచ్చుకున్నవని కొట్లాడిన్రు, విసిగి ఉప్సలా పోయిండు. (ఇంకో ముచ్చట, చెవి గొట్టాలు తల తిరుగుడును పట్టుకుంటయని 1870లల్ల తేల్చినోళ్లల్ల ఒకాయన జోసెఫ్ బ్రాయర్, అదే ఫ్రాయిడ్ పెద్ద దోస్తు. మనసు రోగాల కథలనే ఆయన పేరు వింటం, చెవి పని ఎవరికీ యాదికి లేదు.)

ఇగ నేను అసలు చెప్పాలనుకున్న మనుషులు ఇద్దరు. ఒకరు అమెరికాల లాస్ ఏంజెలిస్‌ల యూసీఎల్ఏ యూనివర్సిటీ న్యూరాలజిస్టు రాబర్ట్ బలో. కండ్లు తిరిగే పేషెంటు అంటె అప్పట్ల ఎవరికీ పట్టని బిడ్డ, చెవి డాక్టరేమో ఇది మెదడు సంగతి అంటడు, నరాల డాక్టరేమో పోయి చెవి చూపించుకో అంటడు, ఈడ నల్లగొండల ఇప్పటికీ గదే నడుస్తుంది అనుకోండ్రి. బలో ఏం చేసిండంటె న్యూరాలజిస్టు అయ్యుండి చెవి దిక్కు సైంటిస్టు విసెంటె హోన్రూబియాతోని జత కట్టిండు, తిరిగే కుర్చీల పేషెంటును కూసోబెట్టి, కంటిగుడ్ల కదలికను కాగితం మీద గీతలుగ రికార్డు చేసి, ఏ గీత చెవి జబ్బుది ఏ గీత చిన్న మెదడుది అని విడదీసుకుంట పోయిన్రు. 1979ల వీళ్లిద్దరు రాసిన పుస్తకం తర్వాత ఎన్నో ఎడిషన్లు వచ్చింది. 1987ల ఒకే రకం కండ్లు తిరుగుడు ఉన్న 240 మంది పేషెంట్ల లెక్క వేసిన్రు, మనం బీపీపీవీ అంటం చూడుండ్రి, మంచం మీద పక్కకు ఒరిగితె ఇల్లు గిర్రున తిరుగుతది, నిమిషం లోపల ఆగుతది, అది.

బీపీపీవీ మీద నేను రోజంత రాస్త, కాని జల్ది ముగిస్త. లోపలి చెవిల కాల్షియం కార్బొనేట్ రవ్వలుంటయ్, అవి ఉన్న చోటు నుంచి ఊడి గొట్టంల పడితె తల కదిపినప్పుడల్ల తిప్పుతది. 1952ల డిక్స్, హాల్‌పైక్ అని ఇద్దరు లండన్‌ల దీన్ని ఎట్ల పట్టుకోవాల్నో చెప్పిన్రు, పేషెంటును జల్దిగ వెల్లకిల పండబెట్టి తల పక్కకు తిప్పి కంటిగుడ్లు చూసుడు. పోర్ట్‌లాండ్ డాక్టర్ జాన్ ఎప్లీ తలను ఒక వరుసల తిప్పి రవ్వల్ని మళ్ల తమ చోటుకు పంపే పద్ధతి చెప్తె ముందు మస్తు మంది నమ్మలె, 1992ల పేపర్ వచ్చినంక గాని మెల్లమెల్లగ దారిల వడలె. అయిదు పది నిమిషాల పని. మరి మా దగ్గరనేమో అదే రోగానికి నెలల తరబడి కండ్లు తిరుగుడు ఆపే గోలీలు మింగుతున్నరు, మెడ ఎముక అరిగిందని మెడకు పట్టీ కట్టుకుంటున్నరు, ఆ పట్టీ చూస్తె నాకు ఎంత మండుతదో ఇక్కడ రాయలేను.

బలో పని నాకు నచ్చిన అసలు చోటు ఇది కాదు. కండ్లు తిరుగుడు పేషెంట్లను అంత ఓపికగ చూస్తుంటె ఆయనకు, ఆ గుంపుకు ఒకటి అర్థమైంది, కొంతమందికి ఇది ఇంట్ల వస్తున్నది. తల్లికి ఉంది, కొడుక్కు ఉంది, మనవరాలికి ఉంది. గంటల సేపు తూలుతరు, మాట ముద్దగ వస్తది, వాంతులైతయ్, పండుకొని లేస్తె మామూలు. అసొంటోళ్లను మానసికం అన్నరు, మూర్ఛ అన్నరు, నాటకం అన్నరు. మధ్యల బాగున్నప్పుడు గూడ కంటిగుడ్లు జాగ్రత్తగ చూస్తె కొట్టుకుంటుంటయ్, నాటకం చేసేటోనికి అది రాదు. దీన్ని ఎపిసోడిక్ అటాక్సియా 2 అంటరు, అటాక్సియా అంటె నడక, చేతులు, మాట అదుపు తప్పి తూలుడు, ఎపిసోడిక్ అంటె వచ్చిపోయేది. 1978ల గ్రిగ్స్ అని న్యూయార్క్ రాష్ట్రం డాక్టరు, గ్లకోమాకు, అంటె కంటిల ఒత్తిడి పెరిగే రోగానికి, వాడే ఎసిటజోలమైడ్ గోలీ ఇస్తె ఒక కుటుంబంల ఈ అటాక్స్ ఆగిపోయినయని రాసిండు, అంటె మందు ముందుగాల దొరికింది, కారణం తర్వాత దొరికింది. కారణం 1996ల తేలింది, 19వ క్రోమోజోమ్ మీద సీఏసీఎన్ఏ1ఏ అనే జీన్, నరాల కణాల్లకు కాల్షియం పోయే తలుపు తయారుచేసే జీన్ అది. బలో గుంపు ఇసొంటి కుటుంబాలను ఎతికి, ఒకే జీన్ ఒకే ఇంట్ల ఎన్ని రకాలుగ కనవడుతదో చూపించింది, అదే జీన్‌ల ఇంకో రకం మార్పుతోని ఒక్కదిక్కు చెయ్యికాలు పడిపోయే మైగ్రేన్ వస్తది, ఇంకో రకంతోని పెద్ద వయసుల మెల్లగ ముదిరే అటాక్సియా వస్తది. ఎసిటజోలమైడ్ పనిచేయనోళ్లకు 4-అమైనోపిరిడిన్ ఇచ్చి మ్యూనిక్ వాళ్లు 2004ల మంచి రిజల్ట్ చూసిన్రు, ఆ మందు అమెరికాల పిట్టలను తరమనీకె వాడిన మందు, నమ్ముతరా.

బలోతోని పనిచేసిన జోవానా జెన్ అనే న్యూరాలజిస్టు గుంపు 2004ల ఇంకో జీన్ పట్టుకున్నది, రోబో3. ఈ పిల్లలకు పుట్టుకతోనే కండ్లు పక్కలకు కదలవు, పైకీ కిందికీ కదులుతయ్, పెరిగిన కొద్ది వెన్ను వంకరైతది. మామూలుగ ఎడమ మెదడు నరాలు కుడికి, కుడివి ఎడమకు దాటుతయ్ కదా, వీళ్లల్ల ఎనక మెదడుల ఆ దాటుడే ఉండది, అయినా నడుస్తరు, పనిచేస్తరు. తల్లిదండ్రులు రక్తసంబంధం ఉన్న కుటుంబాల వల్లనే ఈ జీన్ దొరికే దారి దొరికింది. మేనరికాల దేశంల కూసున్న మనం దీన్ని ఊకె చదివి వదిలేయొద్దు, దాని దగ్గరకు మళ్లొస్త.

రెండో మనిషి మన దేశపాయన, బొంబాయి డాక్టర్ నోషిర్ వాడియా. 1925ల సూరత్‌ల పుట్టిండు, లండన్‌ల నేర్చుకొని వచ్చి జేజే హాస్పిటల్‌ల న్యూరాలజీ నిలబెట్టిన్రు. ఆ రోజులల్ల స్కానింగ్ లేదు, జీన్ టెస్ట్ లేదు. ఉన్నది ఓపీల గుంపు, చేతిల సుత్తి, టార్చిలైటు. తూలే నడకతోని వచ్చే కొన్ని కుటుంబాలల్ల ఆయన ఒకటి గమనించిండు, వీళ్లకు నడక పాడైనట్టే కండ్లు గూడ మెల్లగైపోయినయ్. మనం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు చూపు తిప్పితె కంటిగుడ్డు ఎగిరి దుంకినట్టు పోతది, సెకనుకు కొన్ని వందల డిగ్రీల వేగం. వీళ్లకు ఆ దుంకుడు లేదు, కంటిగుడ్డు పాకుకుంట పోతది, అందుకే చూపు తిప్పాల్నంటె ముందు తల తిప్పుతరు లేకపోతె కండ్లు ఆర్పి తిప్పుతరు. 1971ల స్వామి అనే డాక్టర్‌తోని కలిసి 'బ్రెయిన్' పత్రికల తొమ్మిది కుటుంబాల గురించి రాసిండు, ఇది వేరే రోగం, కొత్త రకం వారసత్వ రోగం అని. కంటి దుంకుడు నడిపే కణాలు మెదడు కాండంల ఉంటయ్, అవి చచ్చిపోతున్నయ్ అన్నట్టు.

తర్వాత 25 ఏండ్లకు, 1996ల, మూడు వేరువేరు గుంపులు ఎస్‌సీఏ2 (స్పైనోసెరెబెల్లార్ అటాక్సియా 2, వాడియా చెప్పిన రోగానికి ఇప్పటి పేరు) జీన్ పట్టుకున్నయ్, 12వ క్రోమోజోమ్ మీద. దాంట్ల సీఏజీ అనే మూడక్షరాలు మామూలోళ్లల్ల 22 సార్ల దగ్గర రిపీట్ అయితయ్, 33 అటు ఇటుగ దాటితె రోగం, ఎంత ఎక్కువుంటె అంత చిన్న వయసుల మొదలు, తండ్రి నుంచి పిల్లలకు పోయేటప్పుడు ఆ సంఖ్య ఇంక పెరగొచ్చు. 1998ల వాడియా, ఆయన తోటోళ్లు అదే 'బ్రెయిన్' పత్రికల మళ్ల రాసిన్రు, ఆరు ఇండియన్ కుటుంబాలల్ల ఎస్‌సీఏ2 జీన్ చూపించుకుంట, మెల్లగైన కంటి కదలిక ఈ రోగం గుర్తుపట్టనీకె ఎంత పనికొస్తదో చెప్పుకుంట. అప్పటికి ఆయనకు 73. టార్చిలైటుతోని చూసి చెప్పింది జీన్ టెస్ట్ వచ్చి నిలబెట్టింది. 2012ల పద్మభూషణ్ ఇచ్చిన్రు, 2016ల పోయిండు. మన దేశంల తేలిన వారసత్వ అటాక్సియాలల్ల ఎస్‌సీఏ2 ఎక్కువగ కనవడే వాటిల్ల ఒకటి, ఇంకా కొంతమందికి బొంబాయి డాక్టరు దీన్ని ముందుగాలే వర్ణించిండని తెల్వదు, మనోళ్ల పని మనకే తెల్వకపోవుడు కొత్తేం కాదు.

నా దగ్గరికి ఒకాయన వచ్చిండు, ఆటో నడిపేటోడు, సాగర్ రోడ్డు దిక్కు ఊరు, గుర్తుపట్టకుండ వివరాలు కొన్ని మార్చి రాస్తున్న. నడుం నొప్పికి వచ్చిండు. భార్య పక్కన కూసోని "అన్నీ చెప్పయ్యా మేడానికి, తాగుడు గూడ చెప్పు" అంటున్నది, ఆయనేమో "నేను మానేసి ఎన్నేండ్లయింది, నువ్వు గూడ నమ్ముతలేవు" అంటుండు. ఒకసారి డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగుల ఆపిన్రట, దిగి నడవమంటె తూలిండు, మిషన్‌ల ఊదితె సున్నా చూపించింది, మిషన్ ఖరాబైందని ఇంకో మిషన్ తెప్పిచ్చిన్రట, దాంట్ల గూడ సున్నా. నవ్వుకుంటనే చెప్పిండు గని ఆ నవ్వు చూడబుద్ధి కాలె. నేను కుడిచేతి వేలు, ఎడమచేతి వేలు ఎడంగ పట్టి ఇది చూడన్నా, ఇప్పుడు ఇది చూడన్నా అన్న. ఆయన తల తిప్పుతుండు. తల కదపకుండ చూడు అంటె కండ్లు ఆర్పి ఆర్పి చూస్తుండు.

అప్పుడు అడిగిన, మీ నాయిన ఎట్ల నడిచేటోడు అని. ఆయన జవాబియ్యక ముందే ఎంట వచ్చిన తల్లి అందుకున్నది, "మా ఆయన గూడ గట్లనే బిడ్డా, కల్లు తాగి తాగి కాళ్లు పోగొట్టుకున్నడు, ఆఖరికి మంచంలనే పోయిండు". తాటిచెట్ల ఊరు, మగమనిషి తూలితె కల్లు తప్ప ఇంకోటి ఎవరికి గుర్తొస్తది. సరే అవ్వా, మీ ఆయన అక్కచెల్లెండ్లు అన్నదమ్ములు ఎట్లుండేటోళ్లు అని అడిగిన. పెద్ద ఆడబిడ్డ ఉండేదంట, జీవితంల కల్లు ముట్టలేదు, ఆమె గూడ గోడ పట్టుకొనే నడిచేదంట, బావి కాడికి పోవుడు మానేసిందంట, దయ్యం పట్టిందని ఎన్నో గుళ్లు తిప్పిన్రట. ఇది చెప్పుకుంట చెప్పుకుంట అవ్వ ఆగిపోయింది. కొడుకు దిక్కు చూసింది. ముప్పై ఏండ్ల నుంచి ఆ ఇంట్ల రెండు వేరువేరు కథలు ఉన్నయ్, మగోనిది కల్లు కథ, ఆడమనిషిది దయ్యం కథ, ఎవరూ రెండూ పక్కపక్కన పెట్టలె.

హైదరాబాద్‌ల న్యూరాలజిస్ట్ దగ్గరికి రాసి పంపిన, టెస్ట్‌ల ఎస్‌సీఏ2 వచ్చింది. ఈడ ఒక పనికొచ్చే మాట, అందరూ ఇప్పుడు జీన్ టెస్ట్ అంటె ఎగ్జోమ్ (ఒకేసారి వేల జీన్లను చదివే టెస్ట్) అని వేలకు వేలు పెట్టి చేయించుకుంటున్నరు, కాని ఎస్‌సీఏ2 లాంటి రిపీట్ రోగాలు మామూలు ఎగ్జోమ్‌ల మస్తుసార్లు పట్టుబడవు, వాటికి రిపీట్లు లెక్కపెట్టే టెస్ట్ వేరే ఉంటది, అది చౌకగ గూడ ఉంటది. రిపోర్ట్‌ల ఏం లేదని వచ్చింది కాబట్టి వారసత్వం కాదు అనుకోవద్దు, ఏ టెస్ట్ చేసిన్రో చూసుకోవాలె. నిమ్స్‌ల మెడికల్ జెనెటిక్స్ డిపార్ట్‌మెంట్ ఉంది, ఉప్పల్‌ల డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది, మా జిల్లోళ్లకు అంత దూరం కాదు.

ఇగ మేనరికం. రిపోర్ట్ వచ్చినంక ఆ ఇంట్ల మొదటి మాట ఏందంటె "మనది మేనరికం కాదు గదా, మరి ఎట్లొచ్చింది". మన దగ్గర ఇది పెద్ద గందరగోళం. ఎస్‌సీఏ2 రావాల్నంటె తల్లి కాడ గాని తండ్రి కాడ గాని ఒక్కరి దగ్గర ఉంటె చాలు, ప్రతి బిడ్డకు సగం సగం ఛాన్స్, బయటి సంబంధం చేసుకున్నా అంతే. మేనరికంతోని పెరిగేది వేరే రకం, తల్లిదండ్రులు ఇద్దరూ బాగనే ఉంటరు, ఇద్దరి దగ్గర ఒక్కొక్క పాడైన జీన్ దాక్కొని ఉంటది, రెండూ కలిసిన బిడ్డకు వస్తది, నాలుగుల ఒక ఛాన్స్. 1863ల జర్మనీల ఫ్రీడ్‌రైక్ రాసిన అటాక్సియా ఇదే రకం, పిల్లలకు పది పదిహేనేండ్ల లోపల్నే మొదలైతది ఎక్కువగ, గుండె మీద గూడ పడుతది, జీన్ 1996ల దొరికింది, మొదటి మందు ఒమవెలాక్సొలోన్‌కు అమెరికాల 2023ల పర్మిషన్ వచ్చింది, 16 ఏండ్లు దాటినోళ్లకు. దాని లెక్కనే కనవడే ఇంకోటుంది, విటమిన్ ఈ శరీరంల నిలవకపోవుడు, అది గూడ ఇద్దరి నుంచి వచ్చేదే, దానికి మందు ఉత్త విటమిన్ ఈ, ఎక్కువ డోసుల, జీవితాంతం. ఒక రక్తపరీక్షతోని పట్టుకోవచ్చు. మేనరికం ఇంట్ల చిన్న పిల్లగాడు తూలుతుంటె ఈ టెస్ట్ అడగకుండ ఉండుడు నాకైతె ఒప్పు అనిపియ్యది.

కాళ్ల నరాలు పాడయ్యే వారసత్వ రోగం గురించి గూడ ఒక మాట. 1886ల పారిస్‌ల షార్కో, మరీ, ఇంగ్లాండ్‌ల టూత్ రాసిన్రు కాబట్టి ముగ్గురి పేర్లు కలిపి పిలుస్తరు. మోకాలి కింద సన్నబడుతది, అరికాలు గుంత లోతైతది, ముందుపాదం లేవది, చెప్పులు కాళ్లలకెల్లి జారిపోతున్నయ్ అని వస్తరు. ఎక్కువ మందిల కారణం 17వ క్రోమోజోమ్ మీద ఒక చిన్న ముక్క డబుల్ అవుడు, 1991ల తేలింది. నడుముల డిస్క్ జారిందని వీళ్లకు బెల్టులు కడుతుంటరు. తండ్రి పాదాలు చూపించుమంటె చాలు సగం పని అయిపోతది.

ఆటో ఆయనకు పెద్ద బిడ్డ ఉంది, డిగ్రీ, సంబంధాలు చూస్తున్నరు. ఆమె టెస్ట్ చేయించుకోవాల్నా వద్దా అని నన్ను అడిగిన్రు, నేను చెప్పేది కాదది, పద్దెనిమిది దాటిన మనిషి, కౌన్సెలింగ్‌ల కూసొని ఆమే చెప్పాలె. చిన్న పిల్లలకు, ఏ లక్షణం లేనోళ్లకు, ఆపే మందు లేని రోగానికి టెస్ట్ చేయొద్దని డాక్టర్లు అంటరు, నాకు గూడ గదే సరైందనిపిస్తది. కాని ఆటో ఆయన మామగారేమో ఇంట్ల ఈ పేరు ఎత్తొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడట, సంబంధాలు పోతయని. ఆయన భయం నాకు అర్థమైతది, ఊర్ల ఒక్కసారి పేరు పడితె ఎట్లుంటదో నాకు తెలుసు. అయినా వాడియాకు తొమ్మిది కుటుంబాలు నోరు విప్పకపోతె ఆ పేపర్ లేదు, బలోకు తల్లీ కొడుకు మనవరాలు వచ్చి కూసోకపోతె ఆ జీన్ కథ లేదు. మందులు వచ్చేది గూడ ఇసొంటి కుటుంబాల లెక్కల నుంచే.

అందాక ఏం చేస్తం అని అడుగుతరు. ఎస్‌సీఏ2ను ఆపే గోలీ ఇప్పటికైతె లేదు, ఉందని చెప్పి డబ్బులు గుంజేటోళ్లు మాత్రం ఉన్నరు, స్టెమ్ సెల్స్ అని, పసరు అని, వాళ్ల దగ్గరికి పోకుండ్రి. చేయగలిగింది ఏందంటె బ్యాలెన్స్ ప్రాక్టీస్. 2009ల జర్మనీల ఇల్గ్, ఆయన తోటోళ్లు చిన్న మెదడు రోగం ఉన్నోళ్లకు 4 వారాలు గట్టిగ కోఆర్డినేషన్ ట్రైనింగ్ ఇచ్చి, నడక, బ్యాలెన్స్ మెరుగైందని చూపించిన్రు, మానేస్తె తగ్గుతది, ఇంట్ల రోజూ చేస్తుంటె నిలుస్తది. అంటె పాడైన చిన్న మెదడు గూడ నేర్చుకుంటది. మా ఆటో ఆయనతోని నేను చేయించేది ఇదే, గోడ పక్కన నిలబడి ఒక కాలు ముందుకు ఒక కాలు ఎనక్కు, మోకాళ్ల మీద నిలబడుడు, నాలుగు కాళ్ల మీద పాకుకుంట ఎదురు చెయ్యి కాలు లేపుడు, పడేటప్పుడు ఎట్ల పడాల్నో గూడ నేర్పిస్త. ఆటో మానేసిండు, అది నేను గట్టిగనే చెప్పిన, కండ్లు అంత మెల్లగ తిరిగే మనిషి నల్లగొండ రోడ్ల మీద బండి నడుపుడు వద్దు. ఇప్పుడు తమ్ముని కిరాణ దుకాణంల కూసుంటుండు. రాత్రిపూట లైటు వేసుకొనే లేవాలె, బాత్రూంల పట్టుకోనీకె రాడ్ పెట్టిచ్చిన్రు, మింగుడు కష్టమైతె వెంటనే చెప్పుమన్న.

నా దగ్గరికి గాని ఇంకే డాక్టర్ దగ్గరికి గాని తూలుడు గురించి వచ్చేటోళ్లు రెండు పనులు చేసుకొని రాండ్రి. ఒకటి, ఇంట్ల పెద్దమనిషిని కూసోబెట్టి నాయిన దిక్కు, అవ్వ దిక్కు ఎవరెవరు ఎట్ల నడిచేటోళ్లో, ఎవరు మంచంల వడ్డరో, ఏ వయసుల మొదలైందో ఒక కాగితం మీద రాసుకొండ్రి, ఎవరు ఎవర్ని చేసుకున్నరో గూడ, తాగుడు, దయ్యం, చేతబడి అని చెప్పుకున్నోళ్లను గూడ వదలకుండ్రి. రెండు, వచ్చిపోయే తూలుడు అయితె అది వచ్చినప్పుడే ఫోన్‌ల వీడియో తీయుండ్రి, నడక కొంచెం, మాట కొంచెం, కండ్లు దగ్గర నుంచి కొంచెం, అరనిమిషం చాలు. తీసేటోళ్లు వెలుతురుల తీయుండ్రి, మొన్న ఒకరు తెచ్చిన వీడియోల మనిషి కంటె ఎనక గోడ మీద క్యాలెండరే ఎక్కువ కనవడ్డది, దాంట్ల అమావాస్య ఎప్పుడో తెలిసింది గని కంటిగుడ్లు ఎటు కొట్టుకుంటున్నయో తెల్వలె.